డిమెన్షియా వచ్చిన అమ్మ ముందు ముందు ఎలా ఉంటుంది?

మీ అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని డాక్టర్ చెప్పారని, ఇకపై రోజులెలా ఉంటాయని మీరు అడిగారు. నెల్లూరులో మా అమ్మను తొమ్మిదేళ్లు చూసుకున్నాను. ఆమెది అల్జీమర్స్, డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం.

మాకు మొదట తేడా తెలిసింది చేపల పులుసు దగ్గర. నలభై ఏళ్లుగా చెయ్యి తిరిగిన వంట. ఆ రోజు చింతపండు రసం రెండుసార్లు పోసి, తరిగిన మామిడికాయ ముక్కలు గిన్నెలోనే వదిలేసింది. "ఏందిరా, పుల్లగా ఉందా?" అని భయంగా నా మొహంలోకి చూసింది. వయసు ప్రభావంలే అనుకుని ఏడాది పోగొట్టాం. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ సమస్య ఉన్నా మతిమరుపు వస్తుంది, దానికి వైద్యం ఉంది. ఆ రక్తపరీక్షలు అయ్యాయో లేదో కనుక్కోండి. అల్జీమర్స్ మందులు కొందరికి కొంతకాలం పనిచేస్తాయి గానీ జబ్బును ఆపవు.

కొత్త సంగతులను దాచుకునే మెదడు భాగం ముందు దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, కావలిలో పుట్టింటి బావి గుర్తుంటుంది. మూడో ఏడు నుంచి దీపాలు పెట్టే వేళకు అమ్మ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడేది. "కావలికి పోవాల, నాయన ఎదురు చూస్తుంటాడు." తాత పోయి ముప్పై ఏళ్లయిందని చెప్పేవాణ్ణి. ప్రతిసారీ అప్పుడే కబురు తెలిసినట్టు ఏడ్చేది. దయచేసి మీరలా చెప్పకండి. తర్వాత్తర్వాత "బస్సు ఇంకా రాలేదమ్మా, ఈలోపు కాఫీ తాగుదాం. తాత ఎట్టుండేవాడు?" అనేవాణ్ణి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చెప్పులు వదిలేసేది.

ఆ తర్వాత చీర కుచ్చిళ్లు పోసుకోవడం రాలేదు. స్నానానికి, బాత్రూమ్‌కి మనిషి తోడు కావాల్సొచ్చింది. చివరి ఏడాది నీళ్లు తాగినా పొలమారేది. నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి రాగిజావ చెంచాతో నిదానంగా పట్టేవాళ్లం.

ఒక ఎండాకాలం రెండు రోజుల్లోనే మనిషి మత్తుగా అయిపోయి నన్ను కూడా గుర్తుపట్టలేదు. జబ్బు ముదిరిందనుకున్నాం. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. అది తగ్గాక మళ్లీ పేరు పెట్టి పిలిచింది. అల్జీమర్స్ మెల్లగా ముదురుతుంది, ఉన్నట్టుండి మార్పు వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అమ్మకు ఇంకా విషయం అర్థమవుతుంటే బ్యాంకు, పెన్షన్ కాగితాలు ఇప్పుడే ఆమెతో కూర్చుని చూసుకోండి. మేం ఆలస్యం చేసి, అమ్మకు సంతకం పెట్టడం రాక చాలా తిప్పలు పడ్డాం.