తిరుపతిలో ఖాళీ సీసాలు ఏరుకునే వృద్ధులను జాలిగా చూడడం సరైనదేనా?

సరైనది కాదని నా అభిప్రాయం. తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో గోనెసంచితో కనిపించే అవ్వను "పిల్లలు వదిలేశారా?" అని అడిగేవారు, ఆమె చేసేది కూడా పనేనని గుర్తించరు. సీసాలో మిగిలిన నీళ్లు పారబోసి, కాలితో అణచి, ప్లాస్టిక్ కన్నా మంచి ధర పలికే అల్యూమినియం డబ్బాలను వేరే సంచిలో దాచి, పాత సామాన్ల అంగడిలో తూకానికి వేయడంలో ఎంతో నేర్పు ఉంది. వృద్ధాప్య పింఛను 2024లో నెలకు రూ.4,000కు పెరిగినా, అద్దెకూ మందులకూ పోగా మిగిలేది స్వల్పమే. పైగా ఒకరి ముందు చేయి చాచకూడదన్న పట్టుదల కొందరిది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇలాంటివారిని గుర్తించి తమ వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు స్పష్టంగా నిర్దేశించాయి. కాబట్టి చిల్లర ఇవ్వడం కన్నా, ఖాళీ సీసాను చెత్తకుండీలో పడేయకుండా "తాతా, ఇదిగో" అని చేతికి అందించడం మర్యాద. పిల్లలు నిజంగానే నిర్లక్ష్యం చేస్తుంటే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద భరణం కోరుతూ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అది రాయడానికి తోడు నిలవడం మరింత మేలు.