గిఫ్టు పేపర్ని పాత పేపర్లతో కలపొచ్చా?

ప్ర: మా పాప పుట్టినరోజుకి వచ్చిన గిఫ్టు పేపర్లు సంచెడున్నాయి. పాత పేపర్లు కొనే అతను వద్దన్నాడు. నీలం డబ్బాలో వేస్తే రీసైకిల్ అవుతాయా?
– ఒక పాఠకురాలు, కావలి

జ: అతను వద్దన్నది సబబే. తళతళలాడే గిఫ్టు కవర్లలో చాలావాటిలో కాగితమే ఉండదు, అల్యూమినియం పూత వేసిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇంకొన్ని కాగితానికి ప్లాస్టిక్ అతికించినవి. గుప్పిట్లో గట్టిగా నలిపి వదలండి. మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్ ఉన్నట్టే. నలిగి అలాగే ఉండిపోతే ఒక మూల చించండి. అంచున నూగు లేస్తే కాగితం, పల్చటి పొర సాగుతూ వస్తే లామినేషన్. మెరుపుపొడి చల్లినవి మాత్రం ఏ పరీక్షా లేకుండా పక్కన పెట్టేయండి.

మిల్లులో పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ప్లాస్టిక్ అందులో కరగదు. సెల్లోటేపు జిగురు చిన్న చిన్న ఉండలై కొత్త కాగితానికి మచ్చలు, చిల్లులు పెడుతుంది. టేపున్న అంచులు కత్తిరించి, మామూలు కాగితం ఒక్కటే పేపర్ల కట్టలో పెట్టండి. మిగతాది నీలం డబ్బాకే. అది మళ్లీ కాగితమవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. పెరట్లో తగలబెట్టడం అసలే వద్దు.

ప్ర: గృహప్రవేశానికి ఇచ్చే స్టీలు డబ్బాల పెట్టెను గుడ్డలో కట్టాలంటే ఎంత గుడ్డ పడుతుంది? పాలిస్టర్ జాకెట్ ముక్కతో కడితే ముడి జారిపోతోంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జ: పాలిస్టర్ నున్నగా ఉంటుంది, ముడి నిలవదు. నూలు ముక్క తీసుకోండి. పెట్టె పొడవుకి రెండింతలు, ఎత్తుకి రెండింతలు, ముడికి మరో 20 సెం.మీ. కలపండి. గుడ్డ ఒక మూల నుంచి ఎదురు మూలకి అంత ఉండాలి. పెట్టె 25 పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు అయితే 86 సెం.మీ., అంటే సుమారు 61 సెం.మీ. చదరం. 80 సెం.మీ. జాకెట్ ముక్క ధారాళంగా సరిపోతుంది. దాన్ని కోయకండి, తీసుకున్నవాళ్లు జాకెట్టయినా కుట్టించుకుంటారు, ఇంకో పేరంటానికైనా పెడతారు.

గుడ్డ మూల మీ వైపు ఉండేలా పరిచి, పెట్టెను అడ్డంగా మధ్యలో పెట్టండి. దగ్గరి మూల పైకి కప్పి, ఎదురు మూల దాని మీదుగా తెచ్చి కొస లోపలికి దోపండి. మిగిలిన రెండు కొసలకి ముడి వేయాలి. మొదట కుడి కొస ఎడమదాని మీదుగా, తర్వాత అదే కొస ఎడమ పక్క నుంచి కుడిదాని మీదుగా. ఈ రెండో మెలిక దగ్గరే చాలామంది తప్పుతారు. సరిగ్గా పడితే కొసలు చెరో పక్కకీ ఒదిగి పడుకుంటాయి. నిలువుగా లేస్తే విప్పి మళ్లీ వేయండి, లాగితే జారే ముడి అదే.

ముదురు రంగు కొత్త నూలు గుడ్డయితే ముందే ఒకసారి విడిగా ఉతకండి. పెట్టె లేకుండా డబ్బాలే కడితే అంచులు గుడ్డని కోస్తాయి, అక్కడ న్యూస్ పేపర్ నాలుగు మడతలు వేసి పెట్టండి.