ఫ్రెంచి ఫిరంగులూ ఇంగ్లీషు మాటలూ: కొత్త అనువాదకుడికి ఒక ఉత్తరం

తమ్ముడూ,

ఫ్రెంచి సైనిక మాన్యువల్ నుంచి ఇంగ్లీషులోకి నువ్వు చేసి పంపిన నమూనా అనువాదం చదివాను. వాక్యాలు సాఫీగా నడిచాయి, వ్యాకరణంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ కాగితాలు ముందు పెట్టుకుని ఎవరైనా నిజంగా పనికి దిగితే ఇబ్బందిలో పడతారు. మూడో పేరాలో ‘ఫ్యూజే’ అన్న మాటకి రాకెట్ అని రాశావు. నిఘంటువు తెరిస్తే ముందు కనిపించే అర్థం అదే, కాదనను. అయితే అక్కడ నడుస్తున్నది ఫిరంగి గుండు వర్ణన. గుండు ముక్కుకి మర తిప్పినట్టు తిప్పి బిగించే భాగం, అది ఎప్పుడు పేలాలో నిర్ణయించే భాగం, దాని పేరు కూడా ఫ్యూజే. ఇంగ్లీషులో అది ఫ్యూజ్. ఆయుధాల రాతల్లో దాన్ని ‘జెడ్’ అక్షరంతో రాయాలి. ‘ఎస్’తో రాస్తే కరెంటు ఫ్యూజు అనుకుంటారు. పక్కన ‘ప్రాక్సిమితే’ ఉంటే ప్రాక్సిమిటీ ఫ్యూజ్. ‘ఎక్లెరాంత్’ ఉంటే ఆకాశంలో వెలుగు చిమ్మే ఫ్లేర్. నాజిల్, ఇంధనం, ప్రయోగ వేదిక లాంటివి చుట్టుపక్కల కనిపిస్తే అప్పుడు రాకెట్.

ఈ రంగంలో ఏ మాటకీ ఒంటరిగా అర్థం ఉండదు. అది ఏ దేశపు కాగితం, ఏ దళానిది, ఏ సంవత్సరానిది, ఏ భాగం గురించి అన్నది తేలాకే నిఘంటువు తెరువు. ఈ నాలుగూ పేజీ పైన పెన్సిలుతో రాసుకున్నాకే మొదటి వాక్యం మొదలుపెట్టు.

భాగం సంగతి ముందు. యుద్ధ ట్యాంకు మాన్యువల్‌లో ‘క్యులాస్’ అనే మాట రెండు అధ్యాయాల్లో వస్తుంది. టరెట్ (ట్యాంకు మీద ఫిరంగితో తిరిగే గోపురం) అధ్యాయంలో అది ఫిరంగి వెనక భాగం, అంటే బ్రీచ్. ఇంజన్ అధ్యాయంలో అదే మాట సిలిండర్ హెడ్. పాత అనువాదాల్ని గుర్తుపెట్టుకుని అందించే మెమరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మరీ జాగ్రత్త. మొదట ఖాయం చేసిన అర్థాన్నే అది చివరిదాకా అందిస్తూ పోతుంది, ఇంజన్ మీద బ్రీచ్ తెచ్చి పెడుతుంది. ‘కానోన్’ కూడా అంతే: ఒకచోట మొత్తం ఫిరంగి, రైఫిల్ దగ్గరికొస్తే గొట్టం మాత్రమే. ‘ఆంజాన్’ అని కనబడితే ఇంజన్ అనుకోకు. అది వాహనం కావచ్చు, యంత్రం కావచ్చు, పాత కాగితాల్లో క్షిపణి కూడా కావచ్చు. ఇంజన్‌కి వాళ్ళ మాట ‘మొతర్’. ఇలాంటి చోట బొమ్మే దిక్కు. మాన్యువల్‌లో విడిభాగాల చిత్రం ఉంటుంది, అంకెలు వేసి ఉంటాయి. వాక్యంలోని అంకెను చిత్రంలో వెతికి, ఆ వస్తువుకి ఇంగ్లీషు మెకానిక్ ఏమంటాడో అది రాయి. చిత్రాలు లేని ఫైలు పంపితే, అడిగి తెప్పించుకోకుండా పని ఒప్పుకోకు.

దళం, దేశం విషయానికొస్తే హోదాలే పెద్ద ఊబి. ఫ్రాన్స్‌లో ‘మేజర్’ అంటే ఆఫీసరు కాదు, సబ్-ఆఫీసర్లలో, అంటే ఆఫీసర్ల కింది హోదాలవాళ్ళలో, అందరికంటే పైవాడు. బెల్జియం, కెనడా ఫ్రెంచిలో మాత్రం మేజర్ నిజంగా ఆఫీసరే. ఇంగ్లీషు మేజర్‌కి ఫ్రాన్స్ పదాతిదళం పెట్టుకున్న పేరు ‘షెఫ్ ద బతాయోన్’. అశ్వికదళం నుంచి వచ్చిన సాయుధ వాహన దళంలో అదే హోదా ‘షెఫ్ దెస్కద్రోన్’, చివర ‘ఎస్’ అక్షరంతో. ఫిరంగి దళంలోనూ, జాందార్మెరీ అనే సైనిక పోలీసు దళంలోనూ అదే పేరు, కానీ ఆ ‘ఎస్’ ఉండదు. పలికితే తేడా వినిపించదు. కాగితం మీద ఆ ఒక్క అక్షరమే ఆ మనిషిది ఏ దళమో చెబుతుంది. వైమానిక దళంలో ‘కోమాందాన్’. అన్నిటికీ ఇంగ్లీషులో మేజర్ అనే రాయాలి (బ్రిటిష్ వైమానిక దళపు పాఠకుడికైతే స్క్వాడ్రన్ లీడర్). షెఫ్ ద బతాయోన్‌ని మక్కీకి మక్కీ దించి ‘బెటాలియన్ చీఫ్’ అన్నావంటే అమెరికా పాఠకుడికి అగ్నిమాపక శాఖ అధికారి గుర్తొస్తాడు. పైగా ఆ హోదా ఉన్నవాడి చేతికింద బెటాలియన్ ఉండాలనేం లేదు, ఏ కార్యాలయంలోనో ఫైళ్ళు చూస్తూ ఉండొచ్చు.

‘బ్రిగాదియే’ అంటే సైన్యంలో కార్పొరల్ స్థాయి మనిషి, బ్రిగేడియర్ కాడు. ‘అద్జ్యుదాన్’ని అడ్జుటెంట్ చెయ్యకు, వారంట్ ఆఫీసర్ స్థాయి అది. ‘మారెషాల్ దె లోజీ’ని చూసి మార్షల్ అని మురిసిపోకు, సార్జెంట్ అంతే. ‘షెఫ్ ద కోర్’ కోర్ కమాండర్ కాడు, సాధారణంగా రెజిమెంటు కమాండింగ్ ఆఫీసర్. ‘ఓఫీసియే సుపెర్యర్’ అంటే పై అధికారి అని కాదు. మేజర్ నుంచి కల్నల్ దాకా ఉండే ఫీల్డ్ ఆఫీసర్ల శ్రేణి. నౌకాదళంలో మూడు ‘కాపితేన్’లు ఉన్నారు: ‘ద కోర్వెత్’ లెఫ్టినెంట్ కమాండర్, ‘ద ఫ్రెగాత్’ కమాండర్, ‘ద వెసో’ ఒక్కడే ఇంగ్లీషు కెప్టెన్. చిక్కుపడితే నేటో హోదా కోడ్ చూడు. ఓఎఫ్-3 అంటే అన్ని దళాల్లోనూ మేజర్ స్థాయే. నీ పదపట్టికలో ఆ కోడ్‌కి ఒక గడి కేటాయించు.

దళ విభాగాల్లో ఇంకా గమ్మత్తు ఉంది. ఫ్రెంచి పదాతిదళపు ‘సెక్సియోన్’ ముప్ఫై, నలభై మంది, ఇంగ్లీషులో ప్లటూన్. దాని కింద ఉండే ‘గ్రూప్’ బ్రిటిష్ సైన్యంలో సెక్షన్, అమెరికా సైన్యంలో స్క్వాడ్. అంటే సెక్సియోన్‌కి సెక్షన్ అని రాస్తే నలభై మందిని పదిమందిగా కుదించినట్టే. అందుకే పని మొదలుపెట్టకముందే పాఠకుడు బ్రిటిష్ వాడా, అమెరికా వాడా అని అడగాలి. ‘షాసర్’ పదాతిదళంలో ఒక తేలికపాటి దళం, ఆకాశంలో యుద్ధవిమానం, సముద్రంలో ‘షాసర్ ద మీన్’ అయితే మైన్‌హంటర్ ఓడ. షాసర్ ఆల్పాన్, స్పాహీ, జువావ్ లాంటి చారిత్రక దళాల పేర్లు మాత్రం అలాగే ఉంచు. వాటికి ఇంగ్లీషు తొడుగు వేసేవాళ్ళంటే నాకు పడదు.

ఇక సంవత్సరం. చరిత్ర పని తీసుకుంటే కొలతలు నిన్ను వదలవు. 1765 నాటి గ్రిబోవాల్ అనే ఫ్రెంచి ఫిరంగుల పద్ధతిలో పన్నెండు ‘లీవ్ర్’ల ఫిరంగి అంటే దాని గుండు బరువు అన్నమాట. ఆ లీవ్ర్ సుమారు 489.5 గ్రాములు, ఇంగ్లీషు పౌండు 453.6. పన్నెండింటికి దాదాపు 430 గ్రాముల తేడా వస్తుంది. పన్నెండు పౌండర్ అని రాయొచ్చు, కానీ అవి ఫ్రెంచి పౌండ్లని ఒకచోట చెప్పి తీరాలి. పాత ‘పియే’ 32.48 సెంటీమీటర్లు, ఇంగ్లీషు అడుగు 30.48. ఆరు పియేల గోడను ఆరడుగులు చేస్తే పన్నెండు సెంటీమీటర్లు కరిగిపోతాయి.

పాత ఫ్రెంచి పటాల్లో రేఖాంశం పారిస్ నుంచి లెక్కేస్తారు, అదీ చాలాసార్లు డిగ్రీల్లో కాకుండా ‘గ్రాద్’లలో. పూర్తి వృత్తానికి 400 గ్రాద్‌లు. పారిస్‌కి తూర్పున 5 గ్రాద్‌లు అంటే నాలుగున్నర డిగ్రీలు. పారిస్ రేఖ గ్రీనిచ్‌కి తూర్పున 2 డిగ్రీల 20 నిమిషాల 14 సెకన్ల దగ్గరుంది కాబట్టి అదీ కలిపితే 6 డిగ్రీల 50 నిమిషాల 14 సెకన్లు. అంకెను ఉన్నదున్నట్టు దించేస్తే ఆ ఊరు పటంలో ఇంకెక్కడో తేలుతుంది. ఫిరంగి దళం వాడే ‘మిలియెమ్’ మళ్ళీ వేరు, వృత్తానికి 6400, ఇంగ్లీషులో మిల్.

ఇంజన్ శక్తి ‘షెవాల్’లో ఇస్తే అది 735.5 వాట్లు, ఇంగ్లీషు హార్స్‌పవర్ 745.7. వంద షెవాల్‌కి 98.6 హార్స్‌పవర్. ‘సీ-వీ’ అని రెండు పెద్దక్షరాల్లో ఉంటే అది చాలాసార్లు పన్ను కోసం లెక్కగట్టిన అంకె, ఇంజన్ శక్తి కానే కాదు. దశాంశానికి వాళ్ళు కామా వాడతారు, వేలకి ఖాళీ వదులుతారు. 12 తర్వాత కామా, తర్వాత 500 అని ఉంటే అది పన్నెండున్నర. ఇంగ్లీషు కంటికి పన్నెండువేల ఐదువందలు. అంకెల కోసమే ఒకసారి, మాటలు చూడకుండా, మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదువు.

మరమ్మతు మాన్యువల్‌లో ఒక వాక్యం తీసుకుందాం: ‘రెపోజే లా క్యులాస్ అవెక్ అన్ జ్వాన్ నెఫ్, సెరే ఓ కూప్ల్, ప్వీ కోంత్రోలే ఎ ఎవాంత్యుయెల్మాన్ రెగ్లే ల జ్యో ఓ సుపాప్.’ రెపోజే అంటే విశ్రాంతి కాదు, విప్పినదాన్ని తిరిగి బిగించడం, విప్పడానికి ‘దెపోజే’. కూప్ల్ జంట కాదు, టార్క్, అంటే తిప్పే బలం. కోంత్రోలే అదుపు చెయ్యడం కాదు, తనిఖీ. జ్యో ఆట కాదు, క్లియరెన్స్, అంటే భాగాల మధ్య వదిలే సందు. అన్నిటికంటే ప్రమాదం ఎవాంత్యుయెల్మాన్‌తో. అది ఇంగ్లీషు ఈవెంచువల్లీకి కవలపిల్లలా కనిపిస్తుంది కానీ అర్థం ‘అవసరమైతే’. కొత్త గాస్కెట్‌తో సిలిండర్ హెడ్ బిగించి, నిర్ణీత టార్క్‌కి బిగువు చేసి, వాల్వ్ క్లియరెన్స్ చూసి, అవసరమైతే సర్దమని ఆ వాక్యం చెబుతోంది. ‘చివరికి సర్దాలి’ అని రాశావా, సరిగ్గా ఉన్న క్లియరెన్స్‌ని కూడా ఎవడో కదిపి పాడుచేస్తాడు. ఫ్రెంచి సూచనల్లో క్రియ ధాతురూపంలో ఉంటుంది. ఇంగ్లీషులో నేరుగా ఆజ్ఞార్థకం పెట్టు. విమానాల మాన్యువల్ అయితే సరళీకృత సాంకేతిక ఇంగ్లీషు నియమం అడుగుతారు. అందులో పని చెప్పే వాక్యం ఇరవై మాటలు దాటకూడదు.

‘సెక్యురితే’, ‘స్యుర్తే’ జత కూడా వేధిస్తుంది. కర్మాగారంలో సెక్యురితే అంటే సేఫ్టీ. అణు రంగంలో సేఫ్టీకి మాట స్యుర్తే. తుపాకీ మీద ‘స్యుర్తే’ సేఫ్టీ క్యాచ్. సైనిక వ్యూహంలో అదే మాట సెక్యూరిటీ అవుతుంది. ‘అతాన్సియోన్’ అని హెచ్చరిక కనిపిస్తే దాని కింద ఏముందో చదువు: మనిషికి దెబ్బ తగిలేదైతే వార్నింగ్, యంత్రానికి నష్టమైతే కాషన్.

ఆధారాలకి నేటో పదకోశం నేటోటర్మ్ వాడు, ఇంగ్లీషు ఫ్రెంచి రెండూ పక్కపక్కనే ఉంటాయి. కెనడా ప్రభుత్వపు పదకోశం టెర్మియమ్ విస్తారమైనది, కానీ కెనడా సైన్యం మాటల్ని ఫ్రాన్స్ కాగితానికి అంటించకు. మేజర్ సంగతి గుర్తుంది కదా. ఫ్రాన్స్‌లో అధికారికంగా ఆమోదించిన కొత్త పదాలకి ఫ్రాన్స్‌తెర్మ్ చూడు. పట్టికలో ప్రతి పదం పక్కనా ఎక్కడ దొరికిందీ, ఏ దళం, ఏ కాలం అన్నది రాసిపెట్టు. ఆధారం లేని పదానికి ఎర్రరంగు వెయ్యి.

తేలని పదాల్ని ఊహించి పూడ్చెయ్యకుండా పనిచ్చినవాళ్ళకి జాబితాగా పంపు. ఒక్కో సందేహానికీ పేజీ సంఖ్య, ఫ్రెంచి వాక్యం, నీకు తోచిన రెండు అర్థాలు, వాటిలో నువ్వు దేనివైపు మొగ్గుతున్నావో రాయి. ‘ఈ మాటకి అర్థమేంటి’ అని ఊరికే అడిగితే ఇంజనీర్లు జవాబివ్వరు. ‘బొమ్మలో 14 నంబరు భాగం బ్రీచ్ బ్లాకేనా’ అని అడిగితే అదే రోజు చెబుతారు.

ఇట్లు,
మీ అన్న