ఆది ఎవరిదో అడిగే ఉద్యోగం

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా అమ్మాయి బి.టెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివింది. కోడింగ్ ఫరవాలేదు గానీ, తనకు ‘రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్’ ఇష్టమంటోంది. సాఫ్ట్‌వేర్ రాయడం కాదట, ఏం రాయాలో తేల్చే పనట. అది నిజంగా ఉద్యోగమేనా? కోడింగ్ కష్టమై తప్పించుకుంటోందా? ఏఐ వచ్చాక ఆ పని మిగులుతుందా? ఒక శిక్షణ సంస్థవారు 40 వేలు కడితే సీబీఏపీ అనే సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: అమ్మా, మీరు చేసే పనేమిటో ఉత్తరంలో రాయడం మంచిదైంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవారు పాతది ఒకటి చేతికిచ్చి ‘ఇదిగో ఆది, ఇలాగే కుట్టండి’ అంటారు. మీరు వెంటనే కత్తెర పట్టరు. ఈ ఆది మీదేనా, మీ అక్కగారిదా? ఎప్పుడు కుట్టించినది? చంక దగ్గర పడుతోందా? మెడ ఇంతే లోతు ఉండాలా? అన్నీ అడిగి, టేపు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే గుడ్డ పరుస్తారు. కత్తిరించాక ఆ గుడ్డ మళ్లీ అతకదని మీకు తెలుసు. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఈ అడిగే పనే. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో అలా అడిగి తేల్చుకున్నవాటిని ‘అవసరాలు’ (రిక్వైర్‌మెంట్స్) అంటారు. దానికి ఒక శాస్త్రం ఉంది, పరిశోధన ఉంది, ప్రపంచ ప్రమాణాలూ ఉన్నాయి.

ఆది తప్పితే ఎంత నష్టమో చెప్పడానికి నేను పిల్లలకు అరియాన్ 5 కథ చెబుతుంటాను. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఐరోపావారి ఆ రాకెట్ మొదటిసారి ఎగిరింది. సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. రాకెట్ ఎటు తిరిగి ఉందో, ఎంత వేగంతో పోతోందో లెక్కగట్టే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను, అంతకుముందు చక్కగా పనిచేసిన అరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా కదిలే వేగం పాతదానికంటే బాగా ఎక్కువ. దాంతో 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్ల చోటులో పట్టలేదు. ప్రధాన పరికరమూ, అదనంగా ఉంచినదీ ఒకే కారణంతో ఆగిపోయాయి. విచారణ సంఘం తేల్చిన విషయాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒకటుంది: ఆ పరికరానికి రాసిన అవసరాల పత్రంలో అరియాన్ 5 ప్రయాణమార్గం వివరాలే చేర్చలేదు. అక్క ఆదితో చెల్లెలికి కుట్టారు. ఆ కోడు అక్కకు సరిగ్గా సరిపోయినదే.

అంత దూరం ఎందుకు, మీరు ఎక్కే బస్సునే చూడండి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. చెప్పడానికి మూడు మాటలే. వాటిని కండక్టరు చేతిలోని టికెట్ మిషను చేయగలిగిన పనిగా మార్చాలంటే ఎన్ని ప్రశ్నలు పుడతాయో లెక్కపెట్టండి. డబ్బు తీసుకోనప్పుడు టికెట్ ఎందుకు? ఆ ఛార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి కాబట్టి, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో లెక్క ఉండాలి. అందుకే ‘జీరో టికెట్’ వచ్చింది. తెలంగాణవారని ఎలా తెలియాలి? ఏ కార్డు చూపాలి? పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సరే, పై తరగతి బస్సుల మాటేమిటి? ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో రాష్ట్ర సరిహద్దు దాటాక ఛార్జీ పడాలి, అంటే ఒకే ప్రయాణానికి రెండు లెక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. అక్కడి బస్సుల తరగతులు వేరు, అర్హత ఆ రాష్ట్రంవారికి. పక్క రాష్ట్రం ఆది తెచ్చి వేస్తే సరిపోదు. ఈ ప్రశ్నలను ముందే అడిగి, ప్రతిదానికీ ఒకే అర్థం వచ్చే వాక్యం రాయగలిగిన మనిషి ఉంటే కండక్టరుకూ ప్రయాణికులకూ గొడవ తప్పుతుంది.

ఇక తెలుగు మీడియం సంగతి. మీ ఉత్తరంలో ఆ మాట కొంత బెంగతో రాశారనిపించింది. ఈ వృత్తిలో అది లోటు కాదని నేను నమ్ముతున్నాను. కారణం చెబుతాను.

ఇలా జవాబులు రాసే పనిలోకి రాకముందు నేను కొంతకాలం సాఫ్ట్‌వేర్‌లో అవసరాలు రాసే పని చేశాను. ఒక ఆసుపత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టు నాతో ‘స్టాకు అయిపోతే పైవాళ్లకు ఫోను చేసి ఒక డబ్బా తెప్పిస్తాం’ అన్నారు. నేను దాన్ని ఇంగ్లిషులో ‘ఒకవేళ అయిపోయిన పక్షంలో’ అనే అర్థంతో, అరుదైన పొరపాటుగా రాశాను. దాని ప్రకారం స్టాకు సున్నా కాగానే ఎర్ర హెచ్చరిక వచ్చి, అధికారి అనుమతి ఇచ్చేదాకా తెర ఆగిపోయేలా కట్టారు. తీరా చూస్తే అక్కడ రోజూ సాయంత్రం ఏదో ఒక మందు అయిపోతుంది. ఆమె చెప్పింది ‘అయిపోయినప్పుడల్లా’ అని. మన ‘-తే’ రెండు పనులూ చేస్తుంది: ‘బస్సు వస్తే ఎక్కు’ అన్నప్పుడు బస్సు వస్తుందని తెలిసే అంటాం, ‘నిప్పంటుకుంటే గంట కొట్టు’ అన్నప్పుడు అంటుకోకూడదనే అంటాం. తెలుగు తెలిసిన నేనే తిరిగి అడగలేదు. ఆ వారమంతా మందుల కిటికీ దగ్గర రోగుల బంధువులు నిలబడాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఈ తేడాను పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. విమాన ఇంజిన్ల సంస్థ రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మావిన్, ఆయన సహచరులు తయారుచేసి 2009లో ప్రచురించారు, పేరు ‘ఈయర్స్’. అవసరాన్ని అయిదు అచ్చుల్లో, అంటే వాక్యపు మూసల్లో, దేనిలోనో ఒకదానిలో రాయాలంటుంది: ఎల్లవేళలా ఉండాల్సినది, ఏదైనా జరిగినప్పుడు చేయాల్సినది, ఒక స్థితిలో ఉన్నంతసేపు చేయాల్సినది, ఫలానా సౌకర్యం ఉన్నచోట చేయాల్సినది, జరగకూడనిది జరిగితే చేయాల్సినది. ‘జరిగినప్పుడు’, ‘జరగకూడనిది జరిగితే’ అనే రెండింటికీ వేర్వేరు అచ్చులు. నాకు అది అప్పుడు తెలిసి ఉంటే ఫార్మసిస్టును ఆ ఒక్క ప్రశ్న అడిగేవాడిని.

‘మేము’, ‘మనం’ సంగతీ అంతే. ‘తూకం మేము చూసుకుంటాం, డబ్బు జమ సంగతి మనం చూసుకుందాం’ అని ఒక రైతు సంఘం అధ్యక్షుడు అంటే, మొదటి పని వాళ్లది, రెండోదానిలో సాఫ్ట్‌వేర్‌వాళ్లకూ వాటా ఉంది. ఇంగ్లిషులోకి వెళ్లగానే రెండూ ఒకటే మాట అయిపోతాయి. తెలుగును లోపలి నుంచి ఎరిగిన పిల్ల ఆ తేడాను జారిపోనివ్వదు. అయితే పత్రం రాయాల్సింది ఇంగ్లిషులోనే. అది చిన్న చిన్న వాక్యాల ఇంగ్లిషు, అలంకారాలు అక్కర్లేదు. ఈయర్స్ అచ్చుల్లో రోజుకు పది వాక్యాలు రాస్తే ఒక సంవత్సరంలో చేయి తిరుగుతుంది.

ఉద్యోగమేనా అని అడిగారు. ఉద్యోగమే, కానీ ఆ పేరుతో తలుపు మీద బోర్డు తక్కువ చోట్ల కనిపిస్తుంది. బ్యాంకింగ్, బీమా, వాణిజ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్ని చేసేవారిని బిజినెస్ అనలిస్ట్ అనీ, ప్రొడక్ట్ ఓనర్ అనీ పిలుస్తారు. అక్కడ పెద్ద పత్రాలు తగ్గిపోయాయి. ‘యూజర్ స్టోరీ’ అనే చిన్న చిన్న అంశాలుగా రాసి, పనుల జాబితా నడిపే ‘జీరా’ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడతారు, ఒక్కోదానికీ ‘ఇది జరిగితే పని పూర్తయినట్టు’ అనే షరతులు జతచేస్తారు. విమానాలు, వాహనాలు, వైద్య పరికరాల రంగంలో మాత్రం పద్ధతి చాలా కఠినం. వాహనాలకు ఐఎస్ఓ 26262, విమాన సాఫ్ట్‌వేర్‌కు డీఓ-178సీ, వైద్య సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304 అనే ప్రమాణాలున్నాయి. ప్రతి అవసరానికీ ఒక సంఖ్య, అది ఏ డిజైన్‌లోకి వెళ్లిందో, ఏ పరీక్షతో నిరూపించారో చూపే లంకె తప్పనిసరి. దీన్ని ట్రేసబిలిటీ అంటారు. డోర్స్ వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నడుపుతారు. మెడ్‌ట్రానిక్, జెడ్‌ఎఫ్ వంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మీ అమ్మాయి స్వభావం నెమ్మదిగా, పట్టుదలగా ఉండేదైతే నేను ఈ రెండో వైపే చూడమంటాను. ఒక వాక్యానికి ఉన్న విలువ అక్కడ బాగా తెలుస్తుంది.

కాలేజీలో ‘ఎస్ఆర్ఎస్’ అనే అవసరాల పత్రాన్ని చివరి వారంలో మార్కుల కోసం నింపేస్తారు. పరిశ్రమలో అలా చేస్తే ఏమవుతుందో జర్మనీలో మొదలైన ‘నాపైర్’ అనే అధ్యయనం చూపించింది. 10 దేశాల్లో 228 కంపెనీలను అడిగి, 2017లో ప్రచురించిన ఫలితాల్లో అందరికంటే ముందు నిలిచిన సమస్య అసంపూర్ణంగా ఉన్నవి, బయటికి రాక దాగిపోయినవి అయిన అవసరాలు. దాని వెనకే వినియోగదారులతో మాటలు కుదరకపోవడం. తర్వాతది మధ్యలో మారిపోయే లక్ష్యాలు. మీ దుకాణంలో కూడా ఈ మూడే కదా!

ఏఐ గురించి దాచకుండా చెబుతాను. పత్రం చిత్తుప్రతి రాయడం, యూజర్ స్టోరీలు పుట్టించడం, ఒక వాక్యంలో రెండర్థాలున్నాయని ఎత్తిచూపడం ఇప్పుడు చాట్‌జీపీటీ వంటివాటి వెనకున్న భాషా నమూనాలు చేస్తున్నాయి. అవసరాల వాక్యాలను యంత్రం చేత వర్గీకరింపజేసే పరిశోధన చాలాకాలంగా ఉన్నదే. 2020లో జర్మనీలోని కార్ల్స్‌రూయె పరిశోధకులు బెర్ట్ అనే భాషా నమూనాతో చేసిన ‘నార్బర్ట్’ ఆ దారిలో ఒక మెట్టు. చెప్పింది విని రాసి పెట్టడమే తన పని అనుకునేవారికి చోటు తగ్గుతుంది. అయితే ఫార్మసిస్టు నాకు చెప్పని విషయం ఏ యంత్రానికీ ఎవరూ చెప్పలేదు. అది ఆ కిటికీ దగ్గర సాయంత్రం నాలుగు గంటలకు నిలబడితే కనిపించేది. పైగా యంత్రం లేని అవసరాన్ని కూడా ఉన్నంత ధీమాగా రాసేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి అసలు పని తెలిసిన మనిషి ఉండాలి.

కొత్త పనీ పుడుతోంది. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలంటుంది. ‘తేలిక’ అన్న మాటను ప్రోగ్రామరు ఎలా కట్టాలి? ఒక్క నొక్కుతో సమ్మతి తీసుకుని, రద్దుకు మాత్రం మెయిల్ రాయమంటే కుదరదు. ఎన్ని నొక్కులు, ఏ తెర మీద, ఆ తర్వాత ఎంతసేపటిలో ఏ సమాచారం తొలగాలి అని ఎవరో ఒకరు రాయాలి. అలాగే ఏఐతో పనిచేసే వ్యవస్థ నూటికి ఎన్నిసార్లు తప్పు చేస్తే ఒప్పుకోవచ్చు, ఆ తప్పు ఎవరి మీద పడితే అసలు ఒప్పుకోకూడదు అన్నవి కూడా అవసరాలే. పరిశోధకులు ఇప్పుడు గట్టిగా పట్టుకున్న ప్రశ్నల్లో ఇదొకటి.

కోడింగ్ నుంచి తప్పించుకుంటోందా అన్న అనుమానానికి నా సమాధానం కొంచెం కఠినంగా ఉంటుంది. ఆమె ఉద్దేశం నాకు తెలియదు, కానీ కోడింగ్ మానేస్తే ఈ పని కూడా రాదు. గుడ్డ ఎలా సాగుతుందో తెలియనివారు కొలతలు తీయలేరు. డేటాబేస్ ప్రశ్నలు రాయడం, ఒక మోస్తరు ప్రోగ్రామ్ సొంతంగా కట్టడం వచ్చి తీరాలి. చదువు ముగియగానే నేరుగా ఈ కొలువు ఇచ్చే చోట్లు కొద్ది. ఎక్కువమంది రెండు మూడేళ్లు టెస్టింగ్‌లోనో, డెవలపర్‌గానో, సపోర్టులోనో పనిచేసి ఇటు వస్తారు. నా మాటకు విలువిస్తే టెస్టింగ్ మంచి దారి. ప్రతి రోజూ అవసరాల పత్రాన్ని ముందు పెట్టుకుని, అందులో ఏమి లేదో వెతకడమే ఆ పని.

పరిశోధన వైపు మనసుంటే అదీ ఉంది. ఈ విషయానికే ప్రత్యేకమైన అంతర్జాతీయ సదస్సు 1993 నుంచి జరుగుతోంది, 2007లో న్యూఢిల్లీలోనే జరిగింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడి పరిశోధక ఎం.ఎస్.కు పీజీఈఈ అనే ప్రవేశపరీక్ష రాయాలి. విదేశాల్లో జర్మనీ, స్వీడన్, కెనడాల్లో బలమైన బృందాలున్నాయి. జర్మనీలో చదువు ఉచితమని విని బయలుదేరేవారు ఒకటి గమనించాలి: కార్ల్స్‌రూయె, స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సంఘం బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది.

ఆ 40 వేలు కట్టకండి. కెనడాకు చెందిన బిజినెస్ అనలిస్టుల సంస్థ ఐఐబీఏ ఇచ్చే సీబీఏపీకి 7,500 గంటల పని అనుభవం చూపాలి. మూడో సంవత్సరం విద్యార్థిని దానికి దరఖాస్తే చేయలేదు. ఆ సంగతి దాచి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. విద్యార్థులకు తగినది ఐరెబ్ అనే సంస్థ ఇచ్చే, రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్‌కే చెందిన సీపీఆర్ఈ సర్టిఫికెట్ మొదటి స్థాయి. దాని పాఠ్యప్రణాళిక, పదకోశం ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ముందు అవి చదవనివ్వండి, పరీక్ష సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. నాలుగు ఆదివారాలు మీ అమ్మాయిని మీ మిషను పక్కన కూర్చోబెట్టండి. వచ్చినవారు ఏమి అడిగారు, మీరు తిరిగి ఏమి అడిగారు, ఏది ఎప్పుడు మార్చుకున్నారు, పండుగ ముందు వారం ఏ క్రమంలో కుడతారు, అడ్వాన్సు ఇచ్చి రానివారి గుడ్డ ఏం చేస్తారు, అన్నీ రాసుకోమనండి. వాటి నుంచి మీ ఆర్డర్ల పుస్తకానికి బదులుగా వాడగలిగే ఒక చిన్న యాప్‌కు ఇరవై అవసరాలు, ఈయర్స్ అచ్చుల్లో రాయమనండి. ఆ కాగితం పట్టుకుని మీ దుకాణం ఎన్నడూ చూడని తన స్నేహితురాలొకరు యాప్ కట్టాలి, మీ అమ్మాయి నోరు విప్పకూడదు. ఆ స్నేహితురాలు ఎక్కడెక్కడ ఆగి ‘ఇదేమిటి?’ అని అడిగిందో అక్కడల్లా ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోమనండి. ఆ గుర్తులున్న కాగితాలు సంక్రాంతి సెలవుల్లోపు నాకు పంపండి, కూర్చుని వాక్యం వాక్యం చదివి జవాబు రాస్తాను.