పదో క్లాసు బాబు, ఫుటీ, మ్యాథ్స్ మెథడ్స్

ప్రశ్న: మాది కరీంనగర్. మెల్‌బోర్న్ వచ్చి పదకొండేళ్లయింది, టార్నీట్‌లో ఉంటున్నాం. బాబు ఇయర్ 10. లోకల్ క్లబ్‌లో అండర్-16 ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఆడతాడు. వెస్టర్న్ జెట్స్ అనే అండర్-18 జట్టు ట్రయల్స్‌కి పంపమని వాళ్ల కోచ్ అంటున్నాడు. వీడేమో ఏఎఫ్ఎల్ (ఫుటీ జాతీయ లీగ్) ప్లేయర్‌నవుతా, ఇయర్ 11లో మ్యాథ్స్ మెథడ్స్ తీసుకోను అంటున్నాడు. మా ఆయన ససేమిరా అంటున్నారు. రోజూ ఇంట్లో గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ట్రయల్స్‌కి పంపండి. మెథడ్స్ మాత్రం వదలనివ్వకండి. రెండూ ఒక ఒరలో ఇమడవని బాబూ అనుకుంటున్నాడు, మీవారూ అనుకుంటున్నారు. అక్కడే వచ్చింది చిక్కు.

ఏఎఫ్ఎల్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. మనవాళ్లకి డ్రాఫ్ట్ అనగానే ఐపీఎల్ వేలం గుర్తొస్తుంది. ఇక్కడ పాట ఉండదు. ఏఎఫ్ఎల్‌లో 18 క్లబ్బులు. ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్‌కి ముందు ఎంచుకునే వంతు వస్తుంది. ఆ ఏడాది డిసెంబరు 31 లోపు 18 నిండే పిల్లల పేర్లు అందులో ఉంటాయి. నవంబరులో జరిగే ఆ నేషనల్ డ్రాఫ్ట్‌లో దేశం మొత్తమ్మీద ఎంపికయ్యేది అరవై, డెబ్భై మంది. పెర్త్ క్లబ్ పేరు పిలిస్తే పెర్త్‌కి, బ్రిస్బేన్ పిలిస్తే బ్రిస్బేన్‌కి సామాను సర్దుకోవాల్సిందే. "అమ్మ చేతి వంట కావాలి, మెల్‌బోర్న్‌లోనే ఉంటా" అంటే కుదరదు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. బాబు ఇయర్ 12లో ఉన్నప్పుడే అండర్-18 కోట్స్ టాలెంట్ లీగ్ ఆడాలి. జెట్స్ ఆడేది అందులోనే, క్లబ్బుల స్కౌట్లు (ఆటగాళ్లని వెతికేవాళ్లు) కూర్చునేదీ అక్కడే. తర్వాత డ్రాఫ్ట్ కంబైన్ అనే ఫిట్‌నెస్ పరీక్షల్లో 20 మీటర్ల స్ప్రింట్, నిలువు జంప్, 2 కిలోమీటర్ల పరుగు. అది ముగిసేసరికి వీసీఈ పరీక్షలు (ఇక్కడి ఇయర్ 12 ఫైనల్స్) నెత్తిమీదకొస్తాయి. పరీక్షలు, డ్రాఫ్ట్ ఇంచుమించు ఒకే నెలలో. యూనివర్సిటీ సీటుకి చూసే ఏటార్ ర్యాంకు డిసెంబరులో.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇయర్ 11లోనే మ్యాథ్స్ వదిలేశాడు. డ్రాఫ్ట్ రాత్రి బంధువులందరినీ పిలిచి, టీవీ ముందు బిర్యానీ పెట్టుకుని కూర్చున్నారు. చివరి పేరు చదివేదాకా ఎవరూ ప్లేటు ముట్టలేదట. వాడి పేరు రాలేదు. జనవరిలో తను కోరుకున్న కోర్సుకి మ్యాథ్స్ అడిగారు, ఒక ఏడాది పోయింది. అందుకే మెథడ్స్ దగ్గర నేను మొండిగా ఉంటున్నాను. బరువనిపిస్తే ఇంకో సబ్జెక్టు తగ్గించమని స్కూల్‌ని అడగండి.

మీకు ఉపయోగపడే సంగతి ఇంకొకటుంది. ఏఎఫ్ఎల్ క్లబ్బులకి నెక్స్ట్ జనరేషన్ అకాడమీలున్నాయి. ఆదివాసీ పిల్లల కోసం, తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టిన పిల్లల కోసం పెట్టినవి. మీ ఇల్లు ఏ క్లబ్ జోన్‌లోకి వస్తుందో కోచ్‌నే అడిగి రాయించుకోండి. అర్హత రూల్స్ మారుతుంటాయి, కాబట్టి ఈ సీజన్‌వే అడగండి. "మన రంగువాళ్లని తీసుకుంటారా" అనే అనుమానం మీ ఉత్తరంలో లేకపోయినా చాలా ఇళ్లలో వింటాను. వెస్ట్ కోస్ట్ క్లబ్ తరఫున 2006లో కప్పు గెలిచిన డేనియల్ కెర్ తండ్రి పుట్టింది కలకత్తాలో.

డబ్బు సంగతి. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2027 నాటికి మగ ఆటగాళ్ల సగటు జీతం 5 లక్షల డాలర్లు దాటుతుంది. సగటు అన్నారు, చూసుకోండి. కొత్త కుర్రాడికి దక్కేది అందులో కొంతే, కాంట్రాక్టు రెండు మూడేళ్లే. మోకాలి లిగమెంట్ తెగితే అందులో ఒక సీజన్ మంచం మీద. తలకి దెబ్బ ఇంకా పెద్ద విషయం. మెల్‌బోర్న్ క్లబ్ ఆటగాడు ఆంగస్ బ్రేషా 2024లో కంకషన్ల (మెదడు అదిరే దెబ్బల) వల్ల 28 ఏళ్లకే ఆట మానేశాడు. బాబుకి తలకి తగిలి కళ్లు తిరిగాయంటే, ఆ వారం ఎంత పెద్ద మ్యాచ్ ఉన్నా సరే, కోచ్ మాట కాదు, డాక్టర్ మాట వినండి.

మీవారికి ఒక మాట. 18 ఏళ్లకి ఎంపిక కాకపోతే తలుపులు మూసుకుపోవు. మార్లియన్ పికెట్ పెర్త్‌లో రాష్ట్ర స్థాయి లీగ్ ఆడుకుంటుంటే 2019 మిడ్-సీజన్ డ్రాఫ్ట్‌లో రిచ్‌మండ్ తీసుకుంది. 27 ఏళ్ల వయసులో అతని మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే గ్రాండ్ ఫైనల్, గెలిచారు కూడా. కాలింగ్‌వుడ్ క్లబ్‌కి ఆడిన పొడగరి మేసన్ కాక్స్ అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అప్పుడు ఈ బంతి పట్టాడు. ఈ ముక్క మీవారికి నచ్చుతుందనుకుంటా.

శనివారం పొద్దున బాబు మ్యాచ్‌కి ఆయన్ని ఒక్కసారి తీసుకెళ్లండి. చలికి థర్మోస్‌లో టీ పట్టుకెళ్లండి. క్వార్టర్ బ్రేక్‌లో పిల్లలందరూ బురద కాళ్లతో కోచ్ చుట్టూ మూగినప్పుడు మీవాడు ఎవరి వైపు చూస్తున్నాడో, ఎవరు వాడితో మాట్లాడుతున్నారో ఆయన్నే గమనించమనండి. మాటలు ఆ తర్వాత.

ట్రయల్స్ కోసం కొత్త బూట్లు మాత్రం కొనకండి. రెండో క్వార్టర్‌కల్లా మడమలు బొబ్బలెక్కుతాయి. పాతవే కడిగి పంపండి.