మీ డివిజన్ ఎన్నికల చరిత్ర రాసేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది హైదరాబాద్ పాత మలక్‌పేట. కాలనీ సంఘం సావనీర్‌లో మా డివిజన్ ఎన్నికల చరిత్ర వేయాలనుకుంటున్నాం. 2002 నుంచి గెలిచినవాళ్ల పేర్లు వరసగా రాస్తే సరిపోతుందా?

సరిపోదు. పేర్ల జోలికి వెళ్లకముందే ఏ ఏడాదిలో ఏ డివిజన్ గురించి రాస్తున్నారో తేల్చుకోవాలి. బోర్డు మీద పేరు అదే ఉంటుంది గానీ దాని కింద నేల మారిపోతుంటుంది.

2002లో ఓటేసింది పాత ఎంసీహెచ్‌కి (హైదరాబాద్ నగరపాలక సంస్థ). అప్పుడు వంద డివిజన్లు. ఓటరు చేతికి రెండు ఓట్లు: ఒకటి కార్పొరేటర్‌కి, ఇంకోటి నేరుగా మేయర్‌కి. తెలుగుదేశం తరఫున తీగల కృష్ణారెడ్డి మేయరైంది అలాగే. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపేసి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) చేశారు. డివిజన్లు 150 అయ్యాయి. మొదటి ఎన్నికలు 2009 నవంబరు 23న జరిగాయి. 2016 ఫిబ్రవరి 2 ఎన్నికలకు ముందు హద్దులు మళ్లీ గీశారు. కొన్ని పేర్లు పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి, నంబర్లు జరిగాయి. 2020 డిసెంబరు 1 ఎన్నికలు మాత్రం 2016 హద్దులతోనే, అవే రిజర్వేషన్లతోనే జరిగాయి. కాబట్టి పక్కపక్కన పెట్టి నిజాయితీగా పోల్చగలిగిన జంట 2016, 2020 ఒక్కటే. 2002కీ 2009కీ మధ్య ‘ఓట్లు ఇంత పెరిగాయి’ అని రాస్తే అది పార్టీ బలం కావచ్చు, మీ డివిజన్‌లో కలిసిన రెండు బస్తీలూ కావచ్చు.

పని ఈ వరసలో చేయండి. ముందు డివిజన్ హద్దుల నోటిఫికేషన్ సంపాదించండి. అందులో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అంటూ ఫలానా చౌరస్తా నుంచి ఫలానా నాలా వెంట అని వచనంలో రాసి ఉంటుంది. దాన్ని చదివి ఒప్పుకోకండి, పెద్ద మ్యాపు మీద పెన్సిలుతో గీయండి. గీత చివరికి మొదలైన చోటుకే రాకపోతే మీరు ఒక గల్లీ తప్పు చదివినట్టే. ఏడాదికొక రంగు వాడితే మూడు గీతలు ఎక్కడ విడిపోయాయో కంటికే కనబడుతుంది. తర్వాత పోలింగ్ కేంద్రాల జాబితా, ఆ తర్వాత అభ్యర్థుల వారీ ఓట్ల పట్టిక, చివరగా గెలిచినవారి పేర్లున్న గెజిట్. చాలామంది ఈ చివరిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

ఇవన్నీ నిర్వహించేది ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ ఫలితాల వెబ్‌సైట్లో డివిజన్ ఫలితం వెతికి దొరకలేదనేవాళ్లు చాలామంది. దొరకనిదాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తుకి పది రూపాయలు, జవాబుకి 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ‘మా డివిజన్ చరిత్ర ఇవ్వండి’ అని రాస్తే మీ దగ్గర ఉన్నదే తిరిగి వస్తుంది. ఏ ఎన్నిక, ఏ డివిజన్, ఏ పత్రం నకలు అన్నది విడివిడిగా అడగాలి. బ్యాలెట్ పత్రాలు అడిగి లాభం లేదు. అవి సీలు వేసినవి, కోర్టు చెబితే తప్ప తెరవరు.

పాత సంవత్సరాలకైతే అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో దినపత్రికల బైండ్లు తిరగేయండి. ఓట్ల లెక్కింపు మర్నాటి సంచికతో ఆపకుండా తర్వాతి వారం రోజులవీ చూడండి. ఎందుకో కింది రెండు జవాబుల్లో తెలుస్తుంది.

ప్రశ్న: పాత మలక్‌పేటలో 2020 పోలింగ్ తేదీ ఒకచోట డిసెంబరు 1 అని, ఇంకోచోట 3 అని ఉంది. ఏది సరైనది?

రెండూ నిజమే, పట్టికలోకి ఎక్కాల్సింది 3. నగరమంతా డిసెంబరు 1న ఓటేసింది. మీ 26వ డివిజన్‌లో ఉదయం బ్యాలెట్ చేతికొచ్చాక గొడవ మొదలైంది. సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలి ఉండాల్సింది పోయి, సీపీఎం వాళ్ల సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. ఏళ్ల తరబడి గుర్తు చూసి ఓటేసేవాళ్లకి అది వేరే పార్టీ. పోలింగ్ ఆపేశారు. డివిజన్‌లోని 69 కేంద్రాలన్నింటిలో డిసెంబరు 3న కొత్త బ్యాలెట్‌తో రీపోలింగ్ జరిపారు. 4న మిగతా నగరంతోపాటే లెక్కించారు. మజ్లిస్ గెలిచింది. 1న పడిన ఓట్లు లెక్కలోకి రావు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలు పక్కనపెట్టి కాగితం వాడారు, కోవిడ్ కారణం. గుర్తు తప్పుగా అచ్చయ్యిందని తెలిసేసరికి అది ప్రతి బూత్‌లోనూ ఉంది.

ప్రశ్న: 2020లో టీఆర్‌ఎస్‌కి 55 అని కొందరు, 56 అని కొందరు రాస్తున్నారు. బీజేపీకి 48 అని ఒకచోట, 47 అని ఇంకోచోట. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు, తేదీ వేయకపోవడమే తప్పు. డిసెంబరు 4 రాత్రికి తేలిన డివిజన్లు 149: టీఆర్‌ఎస్ 55, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. నేరేడ్‌మెట్ ఒక్కటి ఆగింది.

అక్కడ జరిగింది కాస్త దగ్గరగా చూడాలి. ఓటరు బ్యాలెట్ మీద వేయాల్సింది స్వస్తిక్ ముద్ర. కొన్ని చోట్ల సిబ్బంది ఆ ముద్రకు బదులు పోలింగ్ కేంద్రాన్ని తెలిపే రబ్బరు స్టాంపు ఓటర్ల చేతికిచ్చారు. ఓటరు తప్పు కాదు కాబట్టి అవీ చెల్లుతాయని లెక్కింపు ముందు రాత్రి ఎన్నికల సంఘం ఆదేశం ఇచ్చింది. బీజేపీ హైకోర్టుకు వెళ్లింది. స్వస్తిక్ ఉన్నవే లెక్కపెట్టండి, వేరే ముద్రల వాటిని విడిగా ఉంచండి అని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. నేరేడ్‌మెట్‌లో టీఆర్‌ఎస్ ఆధిక్యం 504, పక్కన పెట్టిన బ్యాలెట్లు 544. ఆధిక్యం కంటే వివాదంలో ఉన్నవే ఎక్కువైతే ఫలితం ఎలా ప్రకటిస్తారు? కోర్టులో తేలాక డిసెంబరు 9న వాటినీ లెక్కించారు. టీఆర్‌ఎస్ గెలిచి 56 అయింది.

ఇక బీజేపీ సంగతి. లింగోజిగూడలో గెలిచిన ఆ పార్టీ అభ్యర్థి ప్రమాణ స్వీకారానికి ముందే చనిపోయారు. అందుకే 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నిక నాటికి కార్పొరేటర్లు 149 మందే, బీజేపీ 47. ఏప్రిల్ 30న ఉప ఎన్నిక జరిగితే కాంగ్రెస్ గెలిచింది, దాని బలం మూడయింది. ఒకే పాలకమండలికి మూడు లెక్కలు, మూడూ సరైనవే.

మేయర్ ఎన్నిక దగ్గర ఇంకో గోతి ఉంది. 56 సీట్ల పార్టీ మేయర్‌ని ఎలా గెలిపించుకుంది అని అడుగుతుంటారు. 2002లోలా ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు, ఓటు హక్కున్నది 193 మందికి: 149 మంది కార్పొరేటర్లు, 44 మంది ఎక్స్‌అఫీషియో (వేరే పదవి వల్ల సభ్యత్వం వచ్చిన) సభ్యులు. ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలను కలిపితే టీఆర్‌ఎస్ బలం 88కి చేరింది. మజ్లిస్ మద్దతిచ్చింది. బంజారాహిల్స్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. డివిజన్ చరిత్రలో ఇది పక్క విషయమే గానీ, ‘మా డివిజన్ నుంచి మేయర్’ అని రాసుకునేవాళ్లకి అవసరం. తార్నాక వాళ్లు రెండుసార్లు గొప్ప చెప్పుకోవచ్చు. 2009లో జీహెచ్‌ఎంసీ మొదటి మేయర్ బండ కార్తీకరెడ్డిది ఆ డివిజనే, 2021 ఉప మేయర్ మోతె శ్రీలతది కూడా అదే.

ప్రశ్న: 2016లో ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లో పట్టిక దొరికింది. 2020కి అలాంటిది ఎంత వెతికినా దొరకలేదు. దాచారా?

దాచలేదు, లేదు. 2016లో యంత్రాలు. ఒక్కో యంత్రం ఒక్కో బూత్‌ది, దాని అంకెలు విడిగా వస్తాయి. 2020లో కాగితాలు. పెట్టెల్లోంచి తీసి లెక్క సరిచూసుకున్నాక 25 చొప్పున కట్టలు కట్టి, వాటిని కలిపేసి, టేబుల్‌కి వెయ్యి చొప్పున పంచి లెక్కించారు. ఏ బస్తీ ఎటు మొగ్గిందో తెలియకూడదనే అలా చేస్తారు. ఒక రౌండులో ఒక అభ్యర్థికి ఎక్కువ వస్తే అది ఫలానా కాలనీ ఓటు అని రాయడం ఉత్త ఊహ. బూత్‌వారీగా 2020కి మీకు దొరికేది ఎంతమంది ఓటేశారన్న లెక్క మాత్రమే.

దీంతోపాటు ఇంకో తేడా. యంత్రంలో చెల్లని ఓటు ఉండదు, కాగితంలో ఉంటుంది. రెండేళ్లనీ పోల్చేటప్పుడు పోలైన ఓట్లు, చెల్లినవి, చెల్లనివి, నోటా అని నాలుగు గడులు విడిగా పెట్టండి.

ప్రశ్న: ఓట్ల శాతం కట్టేటప్పుడు దేనితో భాగించాలి? డిపాజిట్ పోయిందో లేదో ఎలా చూస్తారు?

చెల్లిన ఓట్లతో భాగించండి. మొత్తం ఓటర్లతో భాగిస్తే అది వేరే సంగతి చెబుతుంది. నగరంలో పోలింగే 2009లో సుమారు 42, 2016లో 45, 2020లో 46 శాతం. యాభై శాతం ఓట్లతో గెలిచాడన్నవాడికి డివిజన్ ఓటర్లలో నాలుగోవంతు కూడా ఓటేసి ఉండరు. రెండు గడులూ వేస్తే పాఠకుడికి నిజం కనబడుతుంది. నోటాను కలిపారో లేదో పట్టిక కింద ఒక ముక్క రాయండి, ఏ పద్ధతైనా చివరిదాకా అదే వాడండి.

డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. 18,000 చెల్లాయనుకుంటే 3,000 దాటాలి. 2020లో డిపాజిట్ 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సగం. 150 డివిజన్లకు 1,122 మంది పోటీ చేశారు. ఎంతమంది గల్లంతయ్యారో మీ డివిజన్ వరకు మీరే లెక్కగట్టగలరు.

ప్రశ్న: మా డివిజన్‌లో పాత కార్పొరేటర్ మళ్లీ నిలబడలేదు. ఓడిపోతానని భయపడ్డాడని రాయొచ్చా?

ముందు రిజర్వేషన్ గడి చూడండి. 2009లో మూడోవంతు సీట్లు మహిళలవి, 2016లో సగం: 150లో 75. అంటే ఎందరో మగ కార్పొరేటర్లకు సొంత డివిజన్లే లేకుండా పోయాయి. కొందరు పక్క డివిజన్‌కి వెళ్లారు, కొందరు ఇంట్లో ఆడవాళ్లను నిలబెట్టారు. ఆ ఏడాది టీఆర్‌ఎస్ 99, మజ్లిస్ 44, బీజేపీ 4, కాంగ్రెస్ 2, తెలుగుదేశం 1. 2009లో కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43. ఈ రెండు వరసలు చూడగానే గాలి మారిందనే అంటాం, నిజమే. కానీ ఒక్కొక్క డివిజన్‌లో హద్దు, రిజర్వేషన్, గాలి మూడూ ఒకేసారి మారాయి. భయం గురించి రాయడానికి ఆధారం ఉంటేనే రాయండి.

పార్టీ పేరు గడి కూడా రెండుగా చీల్చండి: గెలిచిననాటి పార్టీ, పదవి ముగిసేనాటి పార్టీ. 2020 వరసలో టీఆర్‌ఎస్ అనే ఉండాలి, బీఆర్‌ఎస్ పేరు 2022లో వచ్చింది. 2009లో ఒక సీటు గెలిచిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసింది, అలాగని 2009 గడిలో కాంగ్రెస్ అని దిద్దకండి.

ప్రశ్న: విజయవాడకీ ఇదే పద్ధతా?

పద్ధతి ఇదే, గోతులు వేరు. 2014లో 59 డివిజన్లు, 2021లో 64, కాబట్టి నంబరు నమ్మొద్దు. 2021 ఎన్నికలకు నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. కోవిడ్‌తో ఆగి, ఆగినచోట నుంచే మళ్లీ మొదలై, 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. నామినేషన్ల పత్రాలు 2021 ఫైల్లో వెతికితే దొరకవు. వైఎస్సార్‌సీపీ 49, తెలుగుదేశం 14, సీపీఎం 1. 1981లో మొదటి మేయర్ సీపీఐ టి. వెంకటేశ్వరరావు అయిన ఊళ్లో ఎర్రజెండాకు మిగిలిన ఆ ఒక్క డివిజన్ చరిత్ర ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

ప్రశ్న: పాతబస్తీ అభ్యర్థుల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

గెజిట్‌లో ఉన్నది తీసుకుని మిగతావి పక్కన రాయండి. ఉర్దూ పేరు ఇంగ్లీషులోకెళ్లి అక్కడి నుంచి తెలుగులోకి వచ్చేసరికి ఒకే మనిషి ఇద్దరవుతాడు, ఒక్కోసారి ఇద్దరు ఒకరవుతారు. తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా నామినేషన్ పత్రంతో సరిచూసుకుంటే తేలుతుంది. అచ్చులో మాత్రం చిరునామా వేయకండి. ఊళ్ల పేర్లకీ ఇదే బాధ: డబీర్‌పుర, దబీర్‌పురా ఒకటే. కంప్యూటర్లో పట్టిక చేసేవాళ్లు డివిజన్ పేరుతో కాకుండా ‘2016-26’, ‘2020-26’ అని ఏడాది, నంబరు కలిపిన గుర్తుతో వరసలు పెట్టుకోవాలి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి 300 వార్డులు చేశారు కాబట్టి, ఇకముందు వచ్చే 26 మీ పాత 26 అనుకుని కింద అతికించకండి. మధ్యలో ఒక ఖాళీ వరస వదిలి, కొత్త హద్దుల నోటిఫికేషన్ తేదీ అందులో రాయండి.