ముందు తప్పు ఎవరిదో తేల్చు

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఫోటోలూ కంప్యూటర్‌లో తెరిచి చూశాను. ఒకటి నా పాత నికాన్ డి7000 కెమెరాతో మా వరండాలో తీసినది, రెండోది నువ్వు కొనాలనుకుంటున్న సెకండ్‌హ్యాండ్ డి7200తో విజయవాడలో అమ్మేవాళ్ల ఇంట్లో తీసినది. రెండూ రాత్రివే, రెండూ ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే అంకె) 3200లోనే. "మామయ్యా, కొత్తదాంట్లోనే గ్రెయిన్ ఎక్కువగా ఉంది, బేరం వదిలేయనా?" అని అడిగావు. ఫోటో మీద ఇసుక చల్లినట్టు కనిపించే ఆ చుక్కలను మీ వయసువాళ్లు నాయిస్ అంటారు గానీ, నాతో మాట్లాడేటప్పుడు గ్రెయిన్ అన్నావు, సంతోషం. బేరం మాత్రం అప్పుడే వదిలేయకు.

నూరు శాతం సైజుకు పెంచి చూశావని నువ్వు కత్తిరించి పంపిన ముక్కలను బట్టే తెలుస్తోంది. డి7000 ఫోటో 4928 పిక్సెళ్ల వెడల్పు, డి7200 ఫోటో 6000. లోపల ఫోటో పట్టే సెన్సరు వెడల్పు మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు 23.5 మిల్లీమీటర్లే. అదే చాపను ఒకదాంట్లో అయిదు వేల గళ్లుగా, ఇంకోదాంట్లో ఆరు వేల గళ్లుగా అల్లారనుకో. గడి చిన్నదైతే ఒక్కో గడిలో పడే వెలుతురు తగ్గుతుంది, దగ్గరికి వెళ్లి చూస్తే ముతకగా కనిపిస్తుంది. చాప మొత్తం మీద పడిన వెలుతురు మారలేదు కదా! పైగా నూరు శాతంలో చూడడమంటే, మామూలు తెర మీద ఆ ఫోటోను అయిదడుగుల వెడల్పుకు పెంచి దాని మీదికి వంగి చూడడమే. పెద్ద ఫోటోను 4928 పిక్సెళ్లకు తగ్గించి అప్పుడు పక్కన పెట్టు. నేను అలా చేసి చూశాను, డి7200దే ఒక పిసరు నున్నగా ఉంది.

ఇది విని కొనేయకు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నా పరువు తీసుకోవాలి. పన్నెండేళ్ల కిందట ఒక పెళ్లిలో స్టేజి మీద గ్రూపు ఫోటో తీశాను. ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు మొత్తానికి అదొక్కటే వేశాం. మగపెళ్లివాళ్లు ఆల్బమ్ తెరిచారు. పెళ్లికొడుకు తల్లి ఎడమ చివర నిలబడి ఉంది. "అందరూ బాగున్నారు, నేనొక్కదాన్నే మసకగా ఉన్నానేం?" అంది. నిజంగానే ఆవిడ చీర జరీ మైదాపిండిలా అలుక్కుపోయింది. సెన్సరు పోయిందని తీర్మానించుకుని ఆ బాడీని, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరాను, నష్టానికి అమ్మేశాను. కొత్త బాడీ తెచ్చాను, పాత లెన్సే తగిలించాను. తరువాతి పెళ్లిలో ఎడమ చివర నిలబడినవాళ్లు మళ్లీ మసకే. అప్పుడు మా అసిస్టెంటు కుర్రవాడు తల గోక్కుంటూ, లెన్సు ఉన్న సంచి ఎప్పుడో ఆటోలోంచి జారిపడిందని బయటపెట్టాడు. లోపలి గాజు ఒకటి పక్కకు ఒరిగి ఉంటుంది. పాపం ఆ బాడీ ఏ తప్పూ చేయకుండానే ఇల్లు విడిచింది.

అందుకని లెన్సును విడిగా విచారించు. అమ్మేవాళ్లు 18-140 కిట్ లెన్సు కలిపి ఇస్తామంటున్నారు కదా. తెలుగు దినపత్రిక ఒకటి తీసుకో. సన్న అక్షరాలున్న ముక్కలు అయిదు కత్తిరించి, ఫ్రేము నాలుగు మూలల్లోకి ఒక్కొక్కటి, మధ్యలోకి ఒకటి వచ్చేలా గోడకు అంటించు. కెమెరాను స్టాండు మీద పెట్టు. గోడకు సరిగ్గా ఎదురుగా ఉందో లేదో కంటితో తేల్చలేం. మధ్య ముక్క ఉన్నచోట చేతి అద్దాన్ని గోడకు ఆనించి పట్టుకోమని ఎవరికైనా చెప్పు. వ్యూఫైండర్‌లో చూస్తే లెన్సు ప్రతిబింబం సరిగ్గా నడిమధ్యన కనిపించాలి. కనిపించేదాకా స్టాండు జరుపు. తరువాత అద్దం తీసేసి, లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, మధ్య అక్షరాలను పెద్దవి చేసి ఫోకస్ పెట్టు. ఐఎస్ఓ 100, టైమరు. మీట నొక్కిన చేతి కుదుపు కూడా ఫోటోలోకి రాకూడదు. ఎఫ్5.6, ఎఫ్8, ఎఫ్11, ఎఫ్16 దగ్గర ఒక్కొక్కటి తీయి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది.

ఇప్పుడు మూలల్లో ద ఏది, ధ ఏది అని వెతుకు. ప, ఫ కూడా అంతే. కింద ఆ చిన్న గీత తెలుస్తోందా? ఇంగ్లీషు అక్షరాల చార్టులు అమ్ముతారు గానీ, నాకు మన ఒత్తులను మించిన పరీక్ష కనబడలేదు. నాలుగు మూలలూ మధ్య భాగం కన్నా సమానంగా కాస్త మెత్తబడితే అది ఆ జాతి లెన్సు స్వభావం, ఎఫ్8కి చాలావరకు సర్దుకుంటుంది. మూడు మూలల్లో ధ చదవగలిగి నాలుగోదాంట్లో చదవలేకపోతే, మా పెళ్లికొడుకు తల్లిని గుర్తు తెచ్చుకుని ఆ లెన్సు వద్దని చెప్పు. ఎఫ్16 దగ్గర అయిదు ముక్కలూ ఒకేలా మెత్తబడతాయి. అంత చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదిరిపోతుంది, ఏ లెన్సుకైనా తప్పదు. అందుకు బేరం తగ్గించమంటే నవ్వుతారు. జూమ్‌ను 18 దగ్గర ఒకసారి, 140 దగ్గర ఒకసారి ఇలాగే చూడు. మేడ మీదికెక్కి దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకును కూడా ఒకటి తీయి, దగ్గర బాగా పనిచేసి దూరం చూడలేని లెన్సులూ ఉంటాయి.

ఫోకస్ సంగతి వేరు. ఈ కెమెరాలో వ్యూఫైండర్ నుంచి తీసినప్పుడు ఫోకస్ చూసే సెన్సరు వేరే, ఫోటో పట్టే సెన్సరు వేరే. రెండింటికీ పొత్తు కుదరకపోతే కంటికి పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. అదే ముఖాన్ని లైవ్ వ్యూలో ఒకటి, వ్యూఫైండర్‌తో ఒకటి తీయి. మొదటిది పదునుగా, రెండోది ప్రతిసారీ మెత్తగా వస్తే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అనే ఫోకస్ సర్దుబాటు ఉంది, నేను సరిచేసి పెడతాను. దానికి భయపడనవసరం లేదు.

రంగుల పరీక్షకు మీ అమ్మ ఎర్ర కంచిపట్టు చీర పట్టుకెళ్లు. అడిగే పట్టుకెళ్లు! దానిని ఎండ పడే కిటికీ పక్కన మడతలు కనిపించేలా పరిచి తీయి. చాలామందికి ఆ ఎరుపు ఒక ముద్దలా వస్తుంది, నేత పోతుంది, మడతలు పోతాయి. వెంటనే కెమెరా రంగులు బాగోలేవంటారు. సెన్సరు గళ్లలో సగం ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి కేటాయించి ఉంటాయి. వెలుతురు చూపించే మొత్తం గ్రాఫులో ఆకుపచ్చదే పెత్తనం. అది బాగానే ఉందని చూపిస్తున్నా ఎరుపు ఒక్కటే పట్టనంత ఎక్కువై గ్రాఫు కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. డి7200లో మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూడవచ్చు, ఎరుపుదే చూడు. వెలుతురును ఒక స్టాపు, అంటే సగానికి, తగ్గించి మళ్లీ తీయి, రా ఫైలుగా, అంటే కెమెరా వండని ముడి ఫైలుగా తీయి. మడతలు తిరిగి వస్తే కెమెరా నిర్దోషి. పెళ్లిళ్లలో ఎరుపును, బంతిపూల దండలను పోగొట్టేది మన ఎక్స్‌పోజరే, అంటే మనం పడనిచ్చే వెలుతురే. డి7000లో సెన్సరు ముందు మెత్తబరిచే ఫిల్టరు ఒకటి ఉంటుంది, డి7200లో అది తీసేశారు. పదును పెరిగింది గానీ, సన్న గళ్ల చొక్కాల మీద లేని రంగు అలలు అప్పుడప్పుడు తేలతాయి. సన్న గళ్ల తువ్వాలును రెండు మూడు దూరాల నుంచి తీసి చూస్తే నీకే అర్థమవుతుంది.

చీకటిని పరీక్షించే పద్ధతి నాకు అన్నింటికన్నా ఇష్టం. నల్ల కోటో, నూనె రాసిన జడో ఉండేలా షట్టరు వేగం సెకనులో 30వ వంతు దగ్గర సరైన ఫోటో ఒకటి తీయి. మిగతావి ఏవీ మార్చకుండా 250వ వంతుకు తగ్గించి ఇంకొకటి తీయి. మూడు స్టాపుల తేడా. రెండోదాని రా ఫైలును కంప్యూటర్‌లో మూడు స్టాపులు పైకి లేపు. ఆ నలుపులో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తే పరవాలేదు, అది ఉండేదే. అడ్డంగా చారలు గానీ, ఊదారంగు మరకలు గానీ లేస్తే ఆ సెన్సరు మీద నాకు నమ్మకం ఉండదు. కెమెరా వెనక తెర చూసి మాత్రం ఏదీ తేల్చకు. రా తీసినా అక్కడ కనిపించేది కెమెరా తనకు నచ్చినట్టు వండి పెట్టిన జేపీఈజీయే, దానికి గ్రెయిన్ తుడిచే అలవాటుంది. తుడుపు ఎక్కువైతే మల్లెపూల దండ మైనం ముద్దలా తయారవుతుంది. రేకులు విడివిడిగా తెలిసే గ్రెయిన్ ఫోటో, నున్నటి మైనం కన్నా ప్రింటులో వందరెట్లు నయం.

ప్రింటంటే గుర్తొచ్చింది. 12×18 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400 పిక్సెళ్లు చాలు. డి7200 దగ్గర ఇంకా మిగులుతాయి. నా డి7000 దగ్గర కాస్త తగ్గుతాయి, అయినా ఆ సైజులో నేనిచ్చిన ప్రింట్లను ఇంతవరకు ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

చివరిది దుమ్ము. ఎఫ్16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, తెల్లటి గోడను తీయి. నల్ల చుక్కలు కనిపిస్తే ముఖం చిట్లించు, ధర తగ్గించమను. శుభ్రం చేయించుకోవచ్చని వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

లెన్సు పరీక్షలో తప్పి బాడీ నిలబడితే, బాడీ ఒక్కటే ఎంతకిస్తారో అడుగు. నా దగ్గర 35 ఎంఎం 1.8 లెన్సు ఉంది, నువ్వు కొత్తది కొనుక్కునేదాకా వాడుకో. ఫోటోలన్నీ రా ఫైళ్లుగానే కార్డులో ఉంచి, ఆ కార్డు పట్టుకుని వచ్చే ఆదివారం రా. ఫోన్‌లో పంపకు, సగం ప్రాణం దారిలోనే పోతుంది. అడ్వాన్సు మాత్రం నేను చూసేదాకా ఇవ్వకు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి కలిపి సీసాలో పెట్టింది, ఖాళీ చేతులతో పంపదు.

ఇట్లు,
మీ మామయ్య